నాగా పెట్టని మనుషులు

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం పాఠం చెప్పేది నేనే. సున్నా వేరు, ఖాళీ వేరు అని బోర్డు మీద రాసి మరీ చెబుతాను. ఒక ఇంట్లో దగ్గేవాళ్ళు సున్నా అని రాస్తే ఆ ఇంట్లో ఎవరూ దగ్గడం లేదని అర్థం. ఖాళీగా వదిలేస్తే మనకి తెలియదని అర్థం. తెలియని చోట సున్నా వేశారంటే లెక్క మొత్తం గంగలో కలుస్తుంది, జాగ్రత్త, అని కళ్ళు పెద్దవి చేసి బెదిరిస్తాను. ఈ పాఠం చెప్పే మనిషే మొన్న మార్చిలో ఏం చేసిందో వాళ్ళకి తెలిస్తే నా క్లాసుకి ఒక్కరూ రారు.

నా పేరు రమాకుమారి. ఈ బెంగాలీ మహానగరంలో, సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో, ఎనిమిదో అంతస్తులో ఉద్యోగం. జబ్బు ఎక్కడెక్కడ దాక్కుని ఉందో లెక్కగట్టి చెప్పడం మా పని. ఇప్పుడు చేస్తున్నది టీబీ. గదికి ఎంతమంది పడుకుంటారు, కిటికీ ఉందా, పొయ్యిలో ఏం మండిస్తారు, ఏం పని చేస్తారు, ఇంట్లో ఆడవాళ్ళు ఎంతవరకు చదివారు, ఒంట్లో బాగాలేక ఎన్ని రోజులు పని మానేశారు, ఇలాంటివన్నీ మా పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అడిగి తెస్తారు. ఏ సంగతికి ఎంత బరువివ్వాలో కంప్యూటరులో మేం కట్టిన మోడల్ తేలుస్తుంది. చివరికి మేం ఎంచుకున్న నూట నలభై పేటలకీ వరుస నంబర్లు పడతాయి. మా దగ్గర ఎక్స్‌రే బండి ఒకటే ఉంది. ఆ ఏడాది అది మొదటి పన్నెండు పేటలకే వెళుతుంది. పదమూడో పేటవాళ్ళు దగ్గుకుంటూ కూర్చోవాల్సిందే.

ఫిబ్రవరిలో వేసిన చిత్తు వరుసలో ఏక్‌బాల్‌పూర్ తెలుగు లైన్లకి ఏడో నంబరు వచ్చింది. ఓడరేవు గోదాముల వెనక రెండు వరుసల ఒంటిగది ఇళ్ళు, వాటినే లైన్లంటారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మూడు తరాలుగా ఓ కాంట్రాక్టరు కింద బస్తాలు మోసే కుటుంబాలు అక్కడుంటాయి. ఏడో నంబరంటే బండి వెళ్ళడం ఖాయం.

అప్పుడు మా టీముకి పెద్ద, అన్నా అన్నట్టు మేమంతా దా అని పిలిచే ప్రబీర్ దాకి ఒక ఆలోచన వచ్చింది. ఎన్ని రోజులు పని మానేశావని మనిషిని అడిగితే గుర్తున్నంత చెబుతాడు, మిగతాది ఊహించి చెబుతాడు, అదేదో పని ఇచ్చేవాళ్ళ హాజరు పట్టీలే తెప్పిస్తే సరిపోతుంది కదా అన్నాడు. తప్పులేని ఆలోచనే. పట్టీలు వచ్చాయి. లైన్లలో రెండు వందల ముప్ఫై మంది, ఆరు నెలలు, ఒంట్లో బాగాలేక పెట్టిన నాగాలు సున్నా. ఆ వరుస మోడల్‌లో పోసి మళ్ళీ నడిపించాం. లైన్లు ఏడు నుంచి యాభై ఎనిమిదికి దిగిపోయాయి.

మార్చి రెండోవారం మీటింగులో ఈ సంగతి తెర మీదికి వచ్చింది. సోమశేఖర్ అని వరంగల్ కుర్రాడు, నిరుడే చేరాడు, మంచివాడు. తెర చూసి నావైపు తిరిగి, "మనోళ్ళు మస్తు గట్టోళ్ళున్నారు మేడమ్. ఒక్కడన్నా జరమొచ్చి పండుకోలే" అన్నాడు. మిగతావాళ్ళు అర్థం అడిగితే ఇంగ్లీషులో చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సున్నా ఏమిటో ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే. నేను పుట్టింది ఆ లైన్లలోనే, రెండో వరుసలో నాలుగో గదిలో.

మనిషి పడుకున్నా టోకెను పడుకోకూడదు అని అక్కడ ఒక మాట ఉంది. బస్తాలు మోసే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. పొద్దున దాన్ని గేటు దగ్గర అప్పజెబుతారు, సాయంత్రం వెనక్కి తీసుకుంటారు. కాంట్రాక్టరుకి నంబరుతోనే పని, మొహంతో కాదు. వరసగా మూడు రోజులు టోకెను రాకపోతే అది వేరేవాళ్ళకి పోతుంది, దాంతోపాటే లైన్లలో గదీ పోతుంది. అందుకని దాన్ని ఎవరూ పడుకోనివ్వరు. మనిషికి జబ్బు చేస్తే ఆ టోకెను కొడుకో, బావమరిదో పట్టుకెళతాడు, ఎవరూ లేకపోతే ఊరినుంచి రైలెక్కి ఒక చుట్టం దిగుతాడు. ముఠా సర్దారుకి తెలుసు. అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం మంచం మీద ఉన్నవాడే బస్తాలు మోస్తుంటాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా నాన్న గవరయ్య ఆ గదిలో ఏడు నెలలు దగ్గాడు. ఆ ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు, పట్టీ చూసుకోవచ్చు. ఆ మాటకొస్తే పోయిన తర్వాత కూడా మూడు రోజులు పనికి వెళ్ళాడు. ఆ టోకెను మోసింది మా అమ్మ తమ్ముడు పోలయ్య మామయ్య. తర్వాత అది ఆయన దగ్గరే ఉండిపోయింది. దాంతోనే తన ఇల్లూ మా ఇల్లూ నడిపాడు, నన్ను స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ దాకా చదివించాడు. అమ్మ పోయి మూడేళ్ళయింది. నాకు మిగిలిన పుట్టిల్లు మామయ్యే.

ఇంత తెలిసినదాన్ని ఆ మీటింగులో ఒక్కమాట అంటే సరిపోయేది. అది సున్నా కాదు, ఖాళీ అని. కానీ నీకెలా తెలుసని అడుగుతారు కదా. సోమశేఖర్ చేరిన రోజున మీదెక్కడ మేడమ్ అని అడిగితే వైజాగ్ అన్నాను. నాన్నగారు ఏం చేసేవారంటే షిప్పింగ్‌లో అన్నాను. అబద్ధమేం కాదు, ఆయన మోసిన బస్తాలు ఓడల్లోకే ఎక్కేవి. ఇలాంటి అతితెలివి నాకు బోలెడంత ఉంది. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని ప్రబీర్ దా అడిగినప్పుడు నేను తలవంచుకుని నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నట్టు నటించాను. రాసింది ఆరోజు తేదీ. ఆ శుక్రవారం పన్నెండు పేటల జాబితా మీద సంతకాలయ్యాయి, అందులో నాది రెండో సంతకం.

ఏప్రిల్లో ఒక ఆదివారం లైన్లకి వెళ్ళాను. మామయ్య మంచం గుమ్మం పక్కకి వచ్చేసింది. లోపల పడుకుంటే గాలాడడం లేదట. మనిషి సగానికి సగం చిక్కిపోయాడు. ఆయన టోకెను కొడుకు యోగేశ్ మోస్తున్నాడు. యోగేశ్ కూతురు, ఆరేళ్ళ పిల్ల, అందరూ పాప అనే పిలుస్తారు, తాత పక్కనే కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటోంది.

"ఎన్నాళ్ళ నుంచి మామయ్యా ఈ దగ్గు?"

"శివరాత్రి ముందు నుంచి. తగ్గుతాది, మళ్ళీ వస్తాది."

"ఆస్పత్రికి వెళదాం, నేను తీసుకెళతాను."

"ఎల్తే ఏటడుగుతారు? ఎక్కడ పని సేస్తన్నావంటారు. రాసుకుంటారు. మందు మింగినావా అని ఇంటికొస్తారు. గోదాం వోలు సూస్తారు. అంతే, టోకెను పోయినట్టే. అయినా బండి వస్తాది కదమ్మా, మీ ఆఫీసుదే. సర్వేకొచ్చిన పిల్లలు సెప్పినారు. బండొస్తే లైను లైనంతా నిలబడతాది, నానూ నిలబడతాను. అందరిలో ఒకడు. ఎవడికి తెలుస్తాది?"

మామయ్య లెక్క తప్పేం కాదు. మా ఎనిమిదో అంతస్తులో ఎవరికీ తట్టని లెక్క అది. ఊరంతా నిలబడ్డ చోట రోగి సిగ్గుపడక్కర్లేదు, భయపడక్కర్లేదు. బండి ఎప్పుడొస్తాదమ్మా అని మళ్ళీ అడిగాడు. చూడాలి మామయ్యా అన్నాను. జాబితా మీద నా సంతకం ఆరి అప్పటికి నెలయింది.

అంతటితో ఆగినా బాగుండేది. అత్త అన్నం వడ్డిస్తుంటే మామయ్య గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. పట్టీలు ఆఫీసు వాళ్ళు పట్టుకెళ్ళారని తెలిసిన దగ్గర్నుంచి లైన్లలో ఎవరికీ కంటిమీద కునుకు లేదట. ఒకరి టోకెను ఒకరు మోస్తున్న సంగతి బయటపడుతుందని, అందరి పనీ పోతుందని వణికిపోయారట. వారాలు గడిచాయి, ఏమీ జరగలేదు.

"నాను అందరికీ సెప్పినాను. ఆ పట్టీలు సూసినోల్లలో మన రమ ఉంది. దానికి తెల్దేటి? అన్నీ తెలుసు. తెలిసీ నోరిప్పనేదు. మనోల కడుపు మీద కొట్టనేదు. అదీ పెంపకం అంటే."

అత్త నెత్తళ్ళ చేపల వేపుడు ఇంకో గరిటె వేసింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. నేను మీకోసం కాదు మామయ్యా, మీ మనిషినని తెలుస్తుందేమోనని నోరు మూసుకున్నాను అని చెప్పాలి. చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, కానీ చావలేదు, పళ్ళెం ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాను.

ఆయన్ని బలవంతంగానైనా ఎక్స్‌రేకి లాక్కెళ్ళచ్చు కదా అని మీరడగచ్చు. లాక్కెళ్ళాలంటే బండి రాదని చెప్పాలి. ఎందుకు రాదో చెప్పాలి. అందుకని ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని, పళ్ళూ గుడ్లూ దగ్గుమందూ ఇచ్చేదాన్ని, బండి మాట రాగానే వేరే మాటలోకి దిగేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఏప్రిల్ అయింది, మే అయింది, జూన్ జూలై కూడా అయిపోయాయి. లెక్కలు చెప్పే మనిషిని కదా, ఒక గదిలో అయిదుగురు, కిటికీ లేదు, మందు పడని రోగి ఒకడు ఉంటే ఎన్ని నెలల్లో ఏమవుతుందో నాకు కాగితం కలం లేకుండానే తెలుసు. తెలిసి కూడా చేశాను.

ఆగస్టులో అత్త ఫోన్ చేసింది. పాప మెడ మీద గడ్డలు లేచాయి, తగ్గుతూ లేవు, మనూళ్ళో గండమాల అంటారే అలా ఉన్నాయంది. యోగేశూ నేనూ పాపని పిల్లల డాక్టరమ్మకి చూపించాం. ఆమె మెడ తడిమి చూసి, సూదితో నీరు తీసి పరీక్షకి పంపింది. రిపోర్టు వచ్చాక అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో దగ్గుతున్నది ఎవరు అని. యోగేశ్ నేల చూపులు చూశాడు. "మా తాత" అంది పాప, చాలా గర్వంగా, తాత గురించి ఎవరో అడిగారు కదా అని. తిరిగొచ్చే దారంతా ఆ పిల్ల నా ఒళ్ళో కూర్చుని పెద్దమ్మా, పెద్దమ్మా అంటూ ఏదో చెబుతూనే ఉంది. నాకు ఒక్కటీ చెవికెక్కలేదు.

మరునాడే మామయ్యని ఊరవతల లిలువాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను, అక్కడైతే గోదాం మనుషులు తగలరని. ఎక్స్‌రే తీశారు, తెమడ పరీక్ష చేశారు, అనుకున్నదే. మందు మొదలైంది. ఆ పని ఏప్రిల్లోనే లిలువాలో చేసి ఉండచ్చు. ఊరు అప్పుడూ అక్కడే ఉంది.

ఆ తర్వాతి రోజు ఆఫీసులో కూర్చుని మోడల్ తెరిచాను. ఆరు నెలలపాటు వందలమందిలో ఒక్క నాగా కూడా లేని పట్టీ ఎక్కడున్నా, ఆ సున్నాలన్నీ తీసేసి ఖాళీలు పెట్టాను. మళ్ళీ నడిపించాను. లైన్లు అయిదో నంబరుకి వచ్చాయి. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది, అందులో అయిదు నిమిషాలు కంప్యూటరు ఆలోచించుకున్నవి.

ప్రబీర్ దా గదికి వెళ్ళేముందు బాత్‌రూములో అద్దం ముందు నిలబడి జవాబు వల్లె వేసుకున్నాను. మా నాన్న ఆ లైన్లలో బస్తాలు మోశాడు, నేను అక్కడే పుట్టాను, అందుకే నాకు తెలుసు. నాలుగుసార్లు అన్నాను.

ప్రబీర్ దా తెర చూశాడు. "రెండు వందల ముప్ఫై మంది, ఆరు నెలలు, ఒక్కడికి జ్వరం కూడా రాలేదు. అవును, ఎక్కడైనా ఉంటుందా? మార్చిలో మనం ఎవరం చూడలేదు. బాగా పట్టావు రమా" అన్నాడు. వెంటనే ఫోన్ తీసి సెప్టెంబరు బండిని అటు మళ్ళించమన్నాడు. నీకెలా తెలుసని అడగలేదు. నా మొహం వైపైనా చూడలేదు. టోకెన్ల మాటే రాలేదు. లెక్క తెలిసిన ఎవరైనా అనగలిగిన మాట అది, దాని వెనక నా పుట్టుక ఎవరికీ కావాల్సి రాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగని ప్రశ్నకి భయపడి అయిదు నెలలు నోరు కుట్టేసుకున్నాను.

బయటికొస్తే సోమశేఖర్ ఎదురొచ్చాడు. "అప్పుడు నేనే నవ్విన కద మేడమ్. మస్తు సిగ్గయితున్నది" అన్నాడు. ఏమీ తెలియని పిల్లాడు, ఎంత తేలిగ్గా అనేశాడు ఆ మాట. నా నోట అది రాలేదు.

సెప్టెంబరు మూడోవారం లైన్ల మొదట్లో బండి ఆగింది. దసరా పూజ పందిళ్ళకి వెదుళ్ళు కడుతున్నారు, వాటి పక్కనే జనం బారు తీరారు. రెండు రోజుల్లో ఆరు వందల పైచిలుకు మందికి ఫోటోలు తీశారు. అనుమానం ఉన్నవాళ్ళకి తెమడ పరీక్ష చేశారు. మూడోరోజు మధ్యాహ్నం బండి పక్కన బల్లేసుకుని మా ఫీల్డ్ అమ్మాయి ఒక్కొక్కరికీ కాగితాలు ఇచ్చింది. మామయ్య, పాప కాక ఇంకో పదకొండు మంది తేలారు.

మామయ్య మందు పడి కాస్త తేరుకున్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతున్నాడు, ఈ బండి మన రమ తెచ్చిందే అని. ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. తప్పించుకోవడానికి నేను గుమ్మం లోపలికి జరిగాను.

యోగేశ్ వచ్చాడు, చేతిలో కాగితం. అతనికి బెంగాలీ గడగడా మాట్లాడడం వచ్చు, చదువు మాత్రం ఏ భాషలోనూ అంతంతే. ఇంటికి ఏ కాగితమొచ్చినా నేను వచ్చేదాకా దాచి పెడతాడు, ఇంకెవరినీ అడగడు.

"ఏటి రాసుంది వదినా?"

చదివాను. అతనికీ ఉంది. కుడివైపు ఊపిరితిత్తి పైభాగంలో. ఆరు నెలలు మందు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, ఖాళీ కడుపున, ఒక్కరోజు కూడా మానకూడదు. అదంతా మెల్లగా చెప్పాను. యోగేశ్ తలూపాడు.

"పోన్లే. ఇంకా ముందొస్తే పాపకి తగిలేది కాదేమో. అయినా నువ్వు నేకపోతే ఇప్పుడైనా వచ్చేది కాదు. ఒట్టు వదినా, నీ రునం తీర్చుకోలేం" అన్నాడు.

ఆ మాట నేను మింగలేకపోయాను. "మార్చిలోనే రావాల్సింది యోగేశ్" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. ఏడో నంబరు సంగతి చెప్పాను, పట్టీల సంగతి చెప్పాను, మీటింగులో నవ్విన సంగతి, సంతకం సంగతి చెప్పాను. "మీ టోకెన్లు కాపాడదామని ఊరుకోలేదు. నేను లైన్ల పిల్లనని ఆఫీసులో తెలిస్తే చిన్నతనమని ఊరుకున్నాను. మామయ్య దగ్గు చూసిన తర్వాత కూడా ఊరుకున్నాను."

మామయ్య వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. మార్చి, ఏప్రిల్ అనుకుంటూ ఆరో వేలి దగ్గర ఆగి, "సంకురాత్రికి పాప మెడ బాగానే ఉండీది. ఉగాదికీ బాగానే ఉండీది" అన్నాడు, అత్తతో అన్నట్టుగా. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

యోగేశ్ తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి చాపి నా చేతిలోని కాగితం తీసుకున్నాడు. జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, బండి దగ్గరికి నడిచి, బల్ల ముందు బారులో చివర నిలబడ్డాడు. అతని ముందు ముగ్గురున్నారు. వాళ్ళయ్యేదాకా ఓపికగా ఉన్నాడు. తన వంతు రాగానే కాగితం విప్పి మా ఫీల్డ్ అమ్మాయి ముందు పెట్టి, "దీదీ, ఇందులో ఏముందో ఒకసారి చదివి చెప్పండి" అని బెంగాలీలో అడిగాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. కుడివైపు, పైభాగం, ఆరు నెలలు. అతను ప్రతి మాటకీ తలూపుతూ, మొదటిసారి వింటున్నట్టు విన్నాడు.